బలసముద్రం చెరువులో కోస్తా పాఠం

సరుకు యాడిది?

మా తాలూకాలో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు ఒకరిద్దరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పిల్లల చేత నోరు తెరిపించడం ఎట్లా, మాటలు గుర్తుండేలా చెప్పడం ఎట్లా అని అడుగుతారు. కాఫీ తాగి పోతారు. నేను చెప్పేది వాళ్ళకు పెద్దగా పనికిరాదనుకుంటాను. మొదలుపెడితే అది పాఠం దగ్గర ఆగదు. అందుకే రాసి పెడుతున్నాను. ఇందులో నా ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు ఉండవు. వాటి మీద నాకే ఆసక్తి పోయింది.

నేను పావగడ బజారులో అంగడి వాళ్ళ పిల్లవాణ్ణి. చింతపండు, ఎండుమిరప, బెల్లం, ఉప్పు మూటల మధ్య పెరిగాను. ఏ మూట దిగినా మా నాయన ముందు ధర అడిగేవాడు కాదు. "సరుకు యాడిది?" అనేవాడు. ఊరు తెలిస్తే గుణం తెలుస్తుంది, గుణం తెలిస్తే ఎక్కడ బేరం మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఇంగ్లీషు మాష్టరునయ్యాక నా దగ్గరున్న విద్య అదొక్కటే. మాట కనపడగానే నీదే ఊరని అడగడం.

కోస్ట్ అనే మాట లాటిన్‌లో ప్రక్కటెముక. నేలకు సముద్రం వైపు ఉన్న ఎముక. మన పేపర్లవాళ్ళు రాసే కోస్తా కూడా ఆ ఇంటి బిడ్డేనంటారు, పోర్చుగీసువాళ్ళ పడవల్లో దిగిందట. కేప్ అంటే తల. షోర్ అనే మాట నరకడం, కోయడం అనే మాటల చుట్టమని కొందరంటారు. గల్ఫ్ గ్రీకుల ఇంట్లో పుట్టింది, అక్కడ దానికి ఒడి అని అర్థం. ఆడవాళ్ళ కొంగు మడతను కూడా అదే మాటతో పిలిచేవాళ్ళు. సముద్రం మొహం చూడని తాలూకాలో కూర్చుని ఈ సరుకంతా పోగేశాను. మా ఇంటావిడ ఒకటే అనేది: "కూరగాయల కాడా అంతే, మాటల కాడా అంతే. కొనేది తక్కువ, పిసికేది ఎక్కువ."

చాయిస్‌లో పోయే సముద్రం

నా సర్వీసులో ఎందరో హెడ్మాష్టర్లను చూశాను. ఒకాయన గురించే చెబుతాను. తుమకూరు వైపు మనిషి, మంచివాడు, భయస్తుడు. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో సముద్రతీరం మీద ఒక పాఠం ఉండేది. నేను దానికి వారం తీసుకుంటున్నానని తెలిసి నన్ను గదికి పిలిచాడు.

"శెట్టీ, ఈ తాలూకాలో తాగేకి నీళ్ళు లేవు. సముద్రం ఎందుకయ్యా? ఆ ప్రశ్న చాయిస్‌లో వదిలేయమను."

"ఎవురూ అడగలేదని అంగట్లో ఉప్పు పెట్టకుండా ఉంటామా సార్?"

"ఉప్పు అందరూ తింటారు. సముద్రం ఎవరు తింటారు?"

"ఆ ఉప్పు వచ్చేది దాంట్లోనుంచే గదా సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "నీతో మాట్లాడితే నా కుర్చీ నాకే అమ్ముతావు. పో, పోర్షన్ ముగించు."

ఆయన చెప్పింది తప్పు కాదు. పిల్లలు పాసు కావాలి, ఫలితాలు పడిపోతే మాట పడేది ఆయనే. పైనుంచి మాట పడేవాడి భయాన్ని వెక్కిరించకండి, రేపు ఆ కుర్చీలో మీరే కూర్చుంటారు. అయితే భయస్తుడికి ఎదురు చెప్పాలంటే నవ్విస్తూ చెప్పాలి. ఈ ఒక్క సలహా మాత్రం పైసా పుచ్చుకోకుండా ఇస్తున్నాను. మా వంశంలో ఇలా ఎవరూ చేయలేదు.

చెరువు కట్ట మీద

ఒక ఏడాది వాన బాగా పడింది. మా వైపు అలాంటి ఏడాది వస్తే జనం దాన్ని చుట్టాన్ని గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంటారు. బలసముద్రం చెరువు సగం నిండింది. వెనకటి దొరలు కాస్త పెద్ద చెరువు కనపడితే చాలు, సముద్రమని పేరు పెట్టేవాళ్ళు, చిల్లర అంగడికి హోల్‌సేల్ అని బోర్డు రాయించినట్టు. ఆ పేరును అడ్డం పెట్టుకుని తొమ్మిదో తరగతినంతా నడిపించుకుంటూ కట్ట మీదికి తీసుకుపోయాను.

నీళ్ళలోకి చొచ్చుకుపోయిన మిట్టను చూపించి కేప్ అన్నాను. లోపలికి వంగిన వంపును బే అన్నాను. హార్బర్ దగ్గరికి వచ్చాను. "ఇది మొదట ఓడలకు కాదు, దండుకు విడిది. సత్రం అనుకోండి."

వెనకనుంచి ఒక గొంతు: "అట్లయితే మా గొర్రెల దొడ్డి గూడా హార్బరే గదా సార్?"

ఆ గొంతు తిప్పేశది. ఆ ఊరి పిల్లవాడే. తండ్రి హనుమంతరాయప్పకు గొర్రెలు, నాలుగెకరాల వేరుశెనగ చేను. బడికి వచ్చేటప్పుడు వాడి జేబులో శనక్కాయలు ఉండేవి. వాటిలో నాకూ వాటా ఉండేది.

"నీ గొర్రెలు దండైతే హార్బరే."

"దండే సార్. నిన్న పక్కోళ్ళ చేను మొత్తం గెల్చినాయి."

పిల్లలంతా కట్ట మీద పడి దొర్లినారు. నవ్వులు తగ్గాక టైడ్ అనే మాట చెప్పాను. "దీనికి మొదట కాలమని, పొద్దని అర్థం. సముద్రం నీళ్ళు పొద్దు ప్రకారం వెనక్కి పోతాయి, మళ్ళీ వస్తాయి. పోవడం ఎబ్."

తిప్పేశ ఒప్పుకోలేదు. "పోయినవి మళ్ళా యాడొస్తాయి సార్? మా చెరువులో పోతే పోయినట్లే."

"చంద్రుడు లాగుతాడు."

"మా ఊరికి వచ్చే చంద్రుడు వేరేనా సార్?"

మళ్ళీ నవ్వులు. టైడ్ అంటే కాలం, రెండు మార్కులు, రాసుకోండి అని బేరం తెంచేశాను.

వాడి మాటలో మా నేల అనుభవమంతా ఉంది. చెరువు నీళ్ళు దిగుతుంటే మావాళ్ళు వాటి వెంబడే పోతారు. పదును ఆరకముందే విత్తనం వేస్తారు, ఒండ్రు మట్టి తోలుకుంటారు, గుంటల్లో మిగిలిన చేపల్ని ఆడా మగా చేతులతో పట్టుకుంటారు. నీళ్ళు వదిలిన నేల మనిషిది. ఆ నేల మీద నిలబడి వెనక్కి తిరిగి చూసుకోవలసిన పని తరతరాలుగా మాకు పడలేదు.

పుట్టుక లేని మాట

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. బలసముద్రం, క్యాతగానచెర్లు చుట్టుపక్కల చేన్లన్నీ ప్యానెళ్ళ కిందికి పోయాయి. హనుమంతరాయప్ప నాలుగెకరాలూ గుత్తకు పోయాయి, చేను గట్టున ఉన్న వాళ్ళ నాయన సమాధితో సహా. చుట్టూ కంచె, గేటు, గేటుకొక కాపలా మనిషి. తిప్పేశ చదువు ఆపి ప్యానెళ్ళు బిగించే పనిలో చేరాడు. చేతిపని బాగా పట్టుబడింది. ఇక్కడ బిగించడం అయిపోయాక ఒక కాంట్రాక్టరు పని తెలిసిన కుర్రాళ్ళను ఏరి గుజరాత్ తీరంలో కొత్త పార్కుకు తీసుకుపోయాడు. అందులో వాడూ, క్యాతగానచెర్లు నాగేంద్రా ఉన్నారు.

అప్పటికి నేను రిటైరై అంగట్లో తమ్ముడికి అడ్డం కూర్చుంటున్నాను. ఒకరోజు తిప్పేశ ఫోన్ చేశాడు.

"సార్, సముద్రం కాడ నిలబడుకోని మాట్లాడతాండా."

"ఎట్లుందిరా?"

"లేదు సార్."

"ఏంది లేంది?"

"సముద్రమే లేదు. కంటికి ఆనినంత దూరం బురదే. మీరు చెప్పిన బీచ్ యాడా కనపల్లే."

"బీచ్ అంటే మొదట గులకరాళ్ళురా. రాళ్ళు లేని చోట బీచ్ యాడుంటుంది?"

"మరి ఈ బురదనేమంటారు ఇంగ్లీషులో?"

"మడ్‌ఫ్లాట్. మడ్ అంటే బురద, ఫ్లాట్ అంటే చదును. దాంట్లో ఏముంది, ఒదిలెయ్."

"సరే సార్. గల్ఫ్ అంటే ఒడి అని చెప్పినారు గదా, ఈడ మావోళ్ళకు చెప్తే నగినారు. ఈ బురద ఒడిలో ఎవురు కూచుంటారప్పా అని."

ఇద్దరం నవ్వుకున్నాం. అదే వాడితో నా చివరి మాట.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఇక్కడొకటి చెప్పాలి. నాకు అపురూపమైన సరుకు మీద మోజు. గ్రీకు ఒడి, లాటిన్ ఎముక, వీటిని ముందు వరసలో పెట్టుకున్నాను. మడ్‌ఫ్లాట్ లాంటి మొద్దు మాట, ఏ కథా లేని మాట, దాన్ని చూసి మొహం తిప్పుకున్నాను. మనిషి కాలు పెట్టేది అలాంటి మాటల మీదే. మాట ఎక్కడ పుట్టిందో చెప్పండి, తప్పు లేదు. కాని దాని వెనకున్న వస్తువు ఏం చేస్తుందో ముందు చెప్పండి. పొద్దు ప్రకారం అని నేను అనేసిన చోట ఆగి, ఎన్ని గంటలకు, ఎంత దూరం, ఎంత తొందరగా అని అడగాల్సింది. అడిగినా జవాబు నాకు తెలియదు. తెలియదని ఆ రోజు పిల్లల ముందు ఒప్పుకుని ఉంటే, అది నేను చెప్పిన మంచి పాఠాల్లో ఒకటయ్యేది.

హనుమంతరాయప్ప వచ్చినాడు

అంగడి తెరిచి ఊడ్చుకుంటుంటే హనుమంతరాయప్ప మెట్ల కింద నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను. భుజాన తువ్వాలు లేదు.

"మావోణ్ణి నీళ్ళు ఎత్తకపోయినాయంట మేష్ట్రూ. నాగేంద్ర ఫోన్ చేసినాడు."

"దొరికినాడా?"

"దొరకలేదంట. నువ్వు నాతో రావల్ల. ఆడ ఉండేవోళ్ళతో మాట్లాడేకి నాకెవురున్నారు?"

దేవుడి దయ వల్ల ఎక్కడో ఒడ్డుకు చేరి ఉంటాడని ఏదో అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తాడు.

"బతికుంటాడని నేను అనుకోల. నా బిడ్డ మట్టిలో ఉండల్ల. నీళ్ళల్లో కాదు. అంతే."

వాళ్ళింట్లో కాల్చరు. సొంత చేను గట్టున పూడ్చడం వాళ్ళ ఆచారం. ఆ గట్టు ఇప్పుడు కంచెలోపల ఉంది. ఆ మాట నేనెత్తితే, "ముందు బిడ్డ దొరకనీ" అన్నాడు. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా కాలువల్ని చూశాడు. మామూలుగా ఆ మనిషి నీళ్ళు కనపడితే వ్యాఖ్యానం చెప్పకుండా ఉండడు.

కూలీల షెడ్ల దగ్గర నాగేంద్ర ఎదురొచ్చాడు. అరికాళ్ళ నిండా గుల్లలు కోసిన గాట్లు. జరిగింది వాడే చెప్పాడు.

"సెలవు దినం పెద్దాయనా. సముద్రం చూస్తామని పోతిమి. నీళ్ళు ఎప్పుడో ఎనక్కి పోయిండాయి. గుంటల్లో చేపలు ఎగురుతాండాయి, పీతలు. చెరువు ఎండినట్లే ఉండాది. దిగితిమి. తిప్పేశ ముందర, మేం ఎనక. చొక్కా ఇప్పి దాంట్లో ఏసుకుంటాండాడు చేపల్ని."

"నీళ్ళొచ్చేది కనపల్లేదారా?" అన్నాడు తండ్రి.

"ముందరనుంచి రాలేదు పెద్దాయనా. ఎనకనుంచి వచ్చినాయి. మేం దాటిన కాలవలు ఉండ్లా, బురదలో, మోకాల్లోతువి? అవి నిండినాయి ముందు. మేం తిరిగి చూసేటప్పటికి మాకూ ఒడ్డుకూ నడుమ నీళ్ళు. నేను అరిస్తిని. వాడు నగినాడు. చేపలు ఇడిసిపెట్టు అంటే, ఇంటికాడ ఎప్పుడు దొరుకుతాయిరా ఇవి, అన్నాడు."

నాగేంద్ర ఒక్కడే ఏడ్చాడు.

అక్కడి పోలీసు అధికారి ఇంగ్లీషు మాట్లాడేవాడు. మర్యాదస్తుడు, అలసిపోయినవాడు. ఆటుతో లోపలికి పోయిన శరీరం కొన్నిసార్లు తిరిగి వస్తుంది, కొన్నిసార్లు రాదు, మీరు ఊరికి వెళ్ళండి, దొరికితే కబురు చేస్తాం అన్నాడు.

"ఏమంటాడు మేష్ట్రూ?"

"వెతుకుతారంట."

ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. తర్వాత అధికారి వైపు తిరిగి, పుట్టినప్పటినుంచి నేర్చిన విద్య బయటికి తీశాను. ఆయన ఒక పడవ అన్నాడు. నేను నాలుగన్నాను. ఆయన రేపటి వరకు అన్నాడు. నేను తండ్రిని చూపించి, ఈయన ఇక్కణ్ణుంచి కదలడు, మీ స్టేషన్ మెట్ల మీదే ఉంటాడు, వచ్చేపోయేవాళ్ళు ఎవరీయనని అడుగుతారు, మీ ఇష్టం అన్నాను. రెండు పడవల దగ్గర తెగింది. చనిపోయిన పిల్లవాడి కోసం పడవల్ని బేరమాడాను. నాకు సిగ్గు వేయలేదు. జీవితంలో ఆ విద్య దేనికైనా పనికొచ్చిందంటే దానికే.

ఆ సాయంత్రం హనుమంతరాయప్ప మొదటిసారి పోటు చూశాడు. అల లేదు, చప్పుడు లేదు. బురదలోని పాయలు ఒక్కొక్కటే మెరిసి, లావెక్కి, ఒకదానితో ఒకటి కలిశాయి. అంతవరకూ నేలగా ఉన్నది కాసేపటికి నేల కాకుండా పోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేందప్పా. పాము మాదిరి వస్తాండాది. ఒక మాటన్నా చెప్పకుండా."

నీళ్ళు వెనక్కి పోయిన ప్రతిసారీ ఆయన ఒడ్డున నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, తప్పిపోయిన గొర్రె కోసం చూసినట్టు చూసేవాడు. దిగబోతే నాగేంద్ర నడుం పట్టుకుని ఆపేవాడు.

పడవవాళ్ళకు తిప్పేశ ఒక పాయ వంపులో దొరికాడు. బురదలో బోర్లా ఉన్నాడట. చెక్క బల్ల మీద పెట్టి జారుస్తూ తెచ్చారు. మొహం చూపించవద్దని అధికారి నాతో మెల్లగా అన్నాడు. ఆ అవసరం రాలేదు. మొలతాడుకు ఉన్న తాయెత్తు చూసి హనుమంతరాయప్ప తల ఊపాడు. "నా బిడ్డే. కప్పండి" అన్నాడు.

ఉప్పు నేల

ఆస్పత్రి తంతు అయ్యాక డాక్టరు చెప్పింది ఒకటే. శరీరం పావగడ దాకా రాదు, ఈ పూటే ముగించాలి. అధికారి ఊరి శ్మశానం చూపించాడు, కట్టెలు తానే తెప్పిస్తానన్నాడు.

"మేం కాల్చం" అన్నాడు హనుమంతరాయప్ప. "మట్టిలో పెట్టల్ల."

ఆ ఊళ్ళో పూడ్చే చోటు లేదు. అధికారి ఒడ్డు పక్కన ఖాళీ నేల చూపించాడు. మట్టి మెత్తగా ఉంది, తవ్వడం సులువు, ఎవరూ అభ్యంతరం చెప్పరు అన్నాడు. తిప్పేశతో పనిచేసే కుర్రాళ్ళు పార దించారు. హనుమంతరాయప్ప వంగి నేల చూశాడు. ఎండిన నాచు అక్కడ గీత గీసినట్టు ఒక వరసలో ఉంది. దాన్ని కాలితో కదిపాడు.

"ఇంతదాకా వస్తాయి నీళ్ళు. నీళ్ళు రాని చోటు చూపియ్యమను మేష్ట్రూ. ఎప్పుడూ రాని చోటు."

బోరు కోసం, వాన కోసం, చెరువు కోసం జీవితమంతా మొక్కుకున్న మనిషి ఆయన. ఆ మాటను నేను ఇంగ్లీషులోకి మార్చాను. తేలికైన మాటలు, ఆరో తరగతి పిల్లవాడికి కూడా వస్తాయి. చెప్పడానికి మాత్రం నేను రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

అధికారి రోడ్డు అవతలికి నడిచాడు. తిప్పేశను మోస్తున్న నలుగురు కుర్రాళ్ళూ మా వైపు పిల్లలే. వాళ్ళు వెనక నడిచారు. ఆగిన చోట హనుమంతరాయప్ప గోటితో మట్టి గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. కొత్త చేను కొనేముందు మా వైపు రైతులు చూసే పద్ధతే అది. ఉమ్మేశాడు.

"ఉప్పు. నీళ్ళు ఈడికి గూడా వచ్చిండాయి ఎప్పుడో. ఇంకా ముందుకు."

అధికారికి చెప్పాను. ముందుకు నడిచాడు. ఉప్పుమడులు దాటాం. మళ్ళీ మట్టి, మళ్ళీ నాలుక.

"ఉప్పే. ఇంకా ముందుకు పోమను."

"సార్, ఇంకొంచెం" అన్నాను. ఆ ఇంకొంచెం ఎన్నిసార్లు అన్నానో. బల్ల మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. నాగేంద్ర కాళ్ళ గాట్లు తెరుచుకుని చెప్పుల్లో రక్తం కనపడింది. సర్కారు తుమ్మ చెట్లు మొదలైన చోట ఒక మిట్ట ఉంది. సముద్రం కనపడటం లేదు. గాలి కూడా తగ్గింది. హనుమంతరాయప్ప మోకాళ్ళ మీద కూర్చుని ఈసారి పైపైన గిల్లలేదు, చేత్తో జానెడు లోతు తవ్వి, లోపలి మట్టి తీసి నోట్లో పెట్టుకున్నాడు. మేమంతా ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ఇది గూడా ఉప్పే" అన్నాడు. లేచి, బల్ల కింద వంగిపోయిన పిల్లల భుజాలు చూశాడు. "పిల్లోళ్ళు ఇంక మోయలేరప్పా. తవ్వండి."